శీనుకి, గని ఖాళీ చేయించే పని గురించి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. గనిలో ఎమర్జెన్సీ ప్లాన్ పని నీకు అప్పజెప్పారని చదివి చాలా సంతోషమేసిందిరా. ఫైలంతా చదివాను, అందులో అన్నీ ఉన్నాయి, ఇంక నేను చెయ్యాల్సిందేముంది అని అడిగావు. ఆ ఫైలు కాసేపు పక్కన పెట్టి ఒక్క సంగతి కనుక్కో. రాత్రి షిఫ్టులో బొగ్గు మోసే బెల్టు దగ్గర గ్యాస్ సెన్సర్ మోగిందనుకో, "అందరూ పైకి వచ్చెయ్యండి" అని చెప్పేదెవరు? హోదా చెప్తే చాలదు, ఆ షిఫ్టుకి ఆ మనిషి పేరు కావాలి. మేనేజర్ని నిద్రలేపి అడక్కుండా అతను ఆ మాట అనగలడా? అనలేకపోతే ఫైల్లో మిగతా పేజీలన్నీ ఉండీ లేనట్టే.

2001 సెప్టెంబర్ 23న అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జిమ్ వాల్టర్ 5వ నంబరు గనిలో జరిగింది నీకు తెలిసే ఉంటుంది. మొదటి పేలుడులో కొందరికి దెబ్బలు తగిలాయి. వాళ్లకి సాయం చెయ్యడానికి మిగతావాళ్లు లోపలికి పరుగెత్తారు. గంట తిరక్కుండా రెండో పేలుడు. మొత్తం 13 మంది పోయారు, అందులో ఎక్కువమంది సాయానికి వెళ్తున్నవాళ్లే. ఎవరు ఎటు పోవాలో చెప్పే గొంతు ఒక్కటి లేకపోతే మంచి మనసున్నవాళ్లే ముందు పోతారు. ఆ మరుసటి ఏడాది అమెరికాలో కొత్త నిబంధన వచ్చింది. ప్రతి షిఫ్టుకీ బాధ్యుడిగా ఒక మనిషిని ముందే పేరు పెట్టి నియమించాలి, గని ఖాళీ చేయించే అధికారం అతనికే ఉండాలి.

అతని ధైర్యం మీద మాత్రం భారం వెయ్యకురా. ఏ అంకెకి ఏం చెయ్యాలో ముందే రాసి కంట్రోల్ రూమ్ గోడకి అంటించు. బెల్టు దారిలో కార్బన్ మోనాక్సైడ్ (నిప్పు రాజుకుంటే వచ్చే విషవాయువు) మామూలుగా ఉండేదానికంటే 5 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల్లో 5 వంతులు, పెరిగితే హెచ్చరిక, 10 పెరిగితే అలారం అని అమెరికా నిబంధనల్లో ఉంది. మీ గనికి తగ్గ అంకెలు మీరు పెట్టుకోండి. కానీ అంకె దాటాక చర్చ ఉండకూడదు. డీజిల్ బండి వెళ్లినా, బ్లాస్టింగ్ చేసినా సెన్సర్ మోగుతూ ఉంటుంది, నాలుగు రోజులకి అందరికీ అలవాటైపోతుంది. అసలు ప్రమాదం అక్కడే. అలా మోగుతోందని అలారం అంకె పెంచెయ్యకు. సెన్సర్ ఎక్కడుంది, ఏ గాలి తగిలి మోగుతోంది అని చూసి, ఆ కారణాన్ని సరిచెయ్యి.

ఇంక సెల్ఫ్ రెస్క్యూయర్ సంగతి, అదే, విషగాలిలోంచి బయటపడటానికి నోటికి పెట్టుకునే డబ్బా. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపిగ్గా చదువు. ముందు నీ గనిలో ఉన్నది ఏ రకమో చూసుకో. ఫిల్టర్ రకంలో హాప్కలైట్ అనే పొడి ఉంటుంది, అది మాంగనీస్ డయాక్సైడ్, కాపర్ ఆక్సైడ్ కలిపినది. కార్బన్ మోనాక్సైడ్‌ని కార్బన్ డయాక్సైడ్‌గా మార్చడమే దాని పని. ఆక్సిజన్ చుక్కంత కూడా ఇవ్వదు. పేలుడు తర్వాత గాల్లో ఆక్సిజనే పడిపోతే అది పెట్టుకున్నా మనిషి కూలబడిపోతాడు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌లోని మౌరా 2వ నంబరు గనిలో 1994 ఆగస్టులో 11 మంది చనిపోయాక అక్కడి గనులు ఫిల్టర్ రకం వదిలేసి ఆక్సిజన్ ఇచ్చే రకానికి మారాయి. నీ దగ్గర ఇంకా ఫిల్టర్ రకమే ఉంటే, నువ్వు ముందు పోరాడాల్సింది దాన్ని మార్పించడం కోసమే.

ఆక్సిజన్ రకంలో చాలావాటిలో పొటాషియం సూపరాక్సైడ్ ఉంటుంది. మనం వదిలిన ఊపిరిలోని తేమ తగిలితే ఆక్సిజన్ పుడుతుంది, కార్బన్ డయాక్సైడ్‌ని అదే పీల్చుకుంటుంది. ఆ రసాయనం అందుకునేదాకా మొదటి నిమిషానికి సరిపడా ఆక్సిజన్ ఇవ్వడానికి ఒక స్టార్టర్ ఉంటుంది. పెట్టుకునే వరస ఇది. మోకాళ్ల మీద కూర్చోవాలి. హెల్మెట్ తీసి, క్యాప్ ల్యాంపు వెలుగు డబ్బా మీద పడేలా కింద పెట్టాలి. పట్టీ మెడలో వేసుకుని మూత తెరవాలి. ఆక్సిజన్ స్టార్ట్ చెయ్యాలి, మౌత్‌పీస్ పళ్లకీ పెదాలకీ మధ్య బిగించాలి, ముక్కుకి క్లిప్ పెట్టాలి. ప్రాణం నిలబెట్టేవి ఈ మూడే. కళ్లజోడు, పట్టీలు బిగించడం, హెల్మెట్ తిరిగి పెట్టుకోవడం ఆ తర్వాత. చాలామంది కంగారులో పట్టీలు సర్దుకుంటూ కూర్చుంటారు, ముక్కు మాత్రం గాలికి తెరిచే ఉంటుంది.

స్టార్టర్ పని చెయ్యకపోతే డబ్బా పారెయ్యకూడదు. మౌత్‌పీస్‌లోకి గట్టిగా నాలుగైదుసార్లు ఊదితే సంచి నిండి రసాయనం అందుకుంటుంది. ఎన్నిసార్లు ఊదాలన్నది ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది, తయారీదారు పుస్తకం చూసి అదే నేర్పించు. 2006 జనవరి 2న అమెరికాలో వెస్ట్ వర్జీనియాలోని సాగో గని పేలుడులో 12 మంది పోయారు. బతికి బయటపడ్డ ఒక్క మనిషి, తమ డబ్బాల్లో కనీసం నాలుగు పని చెయ్యలేదని చెప్పాడు. తర్వాత పరీక్షిస్తే వాటిలో ఆక్సిజన్ ఇచ్చే శక్తి ఉందనే తేలింది. ఇందులో పాఠం నాకు ఒకటే కనిపిస్తుంది. ఈ డబ్బాలోంచి వచ్చే గాలి వేడిగా, పొడిగా ఉంటుంది, పీల్చడానికి బరువుగా ఉంటుంది, దగ్గొస్తుంది. వేడెక్కుతోందంటే పని చేస్తోందని అర్థం. అది ముందే తెలియని మనిషి "ఇది పాడైపోయింది" అని పీకి పడేస్తాడు. అందుకే ఉత్తుత్తి డబ్బాతో మెడలో వేసుకోవడం నేర్పితే చాలదురా. వేడి, బరువైన ఊపిరి రెండూ తెలిసేలా చేసిన శిక్షణ యూనిట్లు దొరుకుతాయి. ఏడాదికోసారైనా ప్రతి మనిషీ దాన్ని నోట్లో పెట్టుకుని నడవాలి.

గని మంటల్లోంచి బయటపడ్డవాళ్లని పరిశోధకులు అడిగితే రెండు విషయాలు పదేపదే వచ్చాయి. ఒకటి, పొగ బాగా కమ్మేదాకా డబ్బా పెట్టుకోలేదు. రెండు, పక్కవాడితో మాట్లాడటానికి మౌత్‌పీస్ తీశారు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రక్తాన్ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పొగ పల్చగా ఉంది కదా అనుకుని రెండు మాటలు మాట్లాడితే చాలు. కాబట్టి మాట లేకుండా చెప్పుకునే సైగలు నేర్పు. ఆగు, పద, వెనక్కి, నా డబ్బా అయిపోవస్తోంది, ఈ నాలుగూ చేత్తోనూ ల్యాంపుతోనూ చెప్పగలగాలి. జేబులో చిన్న పలక, సుద్దముక్క ఉన్నా మంచిదే.

ఒక డబ్బా తీసి ఇంకోటి పెట్టుకోవడం ఇంకా కష్టమైన పని. కొత్తదాన్ని పూర్తిగా తెరిచి, స్టార్ట్ చేసి, మెడలో వేసుకున్నాకే పాతది తియ్యాలి. పాతదాంట్లో నిండా ఊపిరి పీల్చి, బిగబట్టి, మౌత్‌పీస్ మార్చి, కొత్తదాంట్లోకి వదలాలి. ముక్కు క్లిప్ మారేదాకా చేత్తో ముక్కు నొక్కి పట్టుకోవాలి. తీసేసిన డబ్బా బాగా వేడిగా ఉంటుంది, లోపలి రసాయనం బొగ్గుపొడికి తగిలితే నిప్పు పుట్టొచ్చు. బొగ్గు మీద విసిరెయ్యొద్దని గట్టిగా చెప్పు.

మార్చుకోవడానికి కొత్తవి ఎంత దూరానికి ఒకచోట పెట్టాలన్నావు. గంట పనిచేసే డబ్బా కదా అని గంట నడకకి ఒకచోట లెక్క వెయ్యకు. అమెరికాలో లెక్క 30 నిమిషాలకే కడతారు, ఎత్తుని బట్టి దూరం మారుస్తారు. దారి ఎత్తు 40 అంగుళాల లోపుంటే 2,200 అడుగులకి ఒకచోట, 65 అంగుళాలు దాటితే 5,700 అడుగులకి ఒకచోట. వంగి నడిచేవాడికీ నిటారుగా నడిచేవాడికీ ఊపిరి ఖర్చులో ఎంత తేడా ఉందో ఈ అంకెల్లోనే చూడు. మీ గనిలో మాత్రం కొలిచి పెట్టు. జట్టులో బరువైనవాణ్ని, వయసు మీదపడ్డవాణ్ని, మోకాళ్ల నొప్పులున్నవాణ్ని శిక్షణ యూనిట్‌తో నడిపించు. ఆఖరివాడు ఎక్కడిదాకా వచ్చాడో ఆ దూరమే నీ దూరం. డబ్బాల సంఖ్య కూడా ఆ దారిన రాగల అందరికీ సరిపోవాలి. సర్వేవాళ్లు, ఎలక్ట్రీషియన్లు, చూడ్డానికి వచ్చిన ఆఫీసర్లు, అందరూ లెక్కలోకి వస్తారు.

దారి చూపే తాడు గురించి ఫైల్లో ఒక్క ముక్కే ఉందన్నావు. పొగలో క్యాప్ ల్యాంపు వెలుగు తిరిగి కళ్లలోకే కొడుతుంది, చేతిలో ఉన్న తాడు ఒక్కటే దారి. తాడు మీద 100 అడుగులకి మించకుండా ఒక కోన్ (శంకువు ఆకారపు ముక్క) ఉంటుంది. దాని సన్నటి కొస గని లోపలి వైపు, వెడల్పు కొస బయటి వైపు ఉండాలి. బయటికి వెళ్లేవాడి చెయ్యి కోన్ మీదుగా నున్నగా జారిపోతుంది. లోపలికి తప్పుగా నడిచేవాడి చేతికి వెడల్పు అంచు ఠక్కున అడ్డం తగులుతుంది. సన్నటి కొస లోపలి వైపే ఉండేలా వరసగా రెండు కోన్లు తగిలితే ముందు ఇంకో తాడు చీలుతోందని, బంతిలాంటిది తగిలితే పక్కన మనిషి దూరే తలుపుందని, చీలిన తాడు మీద వెడల్పు కొసలు ఆనించిన నాలుగు కోన్లు తగిలితే అది డబ్బాలు దాచిన చోటికని, స్ప్రింగులాంటి చుట్ట తగిలితే ఆశ్రయ గదికని అమెరికా పద్ధతి. చెడేది ఎక్కడో చెప్తాను. బండి తగిలి తాడు తెగుతుంది, ఎవరో ముడేస్తారు, ముడేసేటప్పుడు కోన్ తిరగబడుతుంది. ఆ ఒక్క కోన్ చాలు, జట్టు మొత్తాన్ని వెనక్కి తిప్పడానికి. అందుకే తాడుని కళ్లతో చూసి తనిఖీ అయిందనకు. ఒక మనిషి కళ్లకి గంతలు కట్టుకుని, ఇంకోడు తోడుగా, బొగ్గు తవ్వే చోటు (ఫేస్) నుంచి బయటిదాకా చేత్తో పట్టుకుని రావాలి. పాకుతూ వచ్చేవాడికి అందని ఎత్తులో కట్టిన తాడు కూడా అప్పుడే బయటపడుతుంది.

రెండో దారి గురించి ఒకటి చెప్పాలి. 1984 డిసెంబర్‌లో అమెరికాలో యూటాలోని విల్బర్గ్ గనిలో ఎయిర్ కంప్రెసర్ వేడెక్కి నిప్పంటుకుంది, 27 మంది పోయారు. లాంగ్‌వాల్ (బొగ్గుని పొడవాటి గోడలా తవ్వే చోటు) రెండో వైపు దారి రూఫ్ కూలి అప్పటికే మూసుకుపోయి ఉంది. మ్యాపులో రెండు దారులుంటే సరిపోదు. వాడిన గాలి బయటికి పోయే రిటర్న్ దారిలో కూలినచోట్లు, నిలిచిన నీళ్లు, తెరుచుకోని తలుపులు ఉన్నాయేమో చూడు. ఆ దారంట ప్రతి వారం ఒకరు చివరిదాకా నడిచి, తేదీ వేసి సంతకం పెట్టాలి. స్ట్రెచర్ మోస్తూ ఆ తలుపులోంచి దూరగలరేమో కూడా చూడండి. తలుపు తెరిచేవైపు గాలి ఒత్తిడి ఎంతుందో, ఒక్కడే లాగి తెరవగలడేమో అడుగు.

ఆశ్రయ గది విషయంలో ఎక్కువ ఆశలు పెట్టుకోకు. 96 గంటలకి సరిపడా గాలి ఉండేలా కడతారు, మంచిదే. కానీ నడిచి పోగలిగినవాడు నడిచే పోవాలి. దారులు రెండూ మూసుకుపోయినప్పుడే అది. దాన్ని తెరిచి, ఆక్సిజన్ విప్పి, కార్బన్ డయాక్సైడ్ పీల్చే పొడి పరిచే పని జట్టులో కనీసం ముగ్గురికి చేత్తో వచ్చి ఉండాలి. లోపల అంటించిన కాగితం చదువుకుందాంలే అంటే అప్పటికి చేతులు వణుకుతుంటాయి.

హాజరు వేసే మస్టర్ రూమ్‌లో, లోపలికి వెళ్లినవాళ్ల బిళ్లల లెక్క షిఫ్టు మధ్యలో ఎప్పుడైనా వెళ్లి సరిచూడు. లోపల ఎంతమంది అన్నది అయిదు నిమిషాల్లో తేలకపోతే, ఇప్పటికే బయటికొచ్చినవాడి కోసం రెస్క్యూ జట్టుని లోపలికి పంపాల్సొస్తుంది. ఇంకోటి, లోపల ఎవరెక్కడున్నారో తేలకుండా గనికి గాలి ఆడించే మెయిన్ ఫ్యాన్ ఆపడం, దాని గాలిని వెనక్కి తిప్పడం చెయ్యొద్దు. పొగ ఒక్కసారిగా మంచి గాలి దారిలో వస్తున్నవాళ్ల మీదికి తిరుగుతుంది.

డ్రిల్లు ఎప్పుడు, ఎలా అన్నావు. మూడు నెలలకోసారి తప్పకుండా చెయ్యి. ప్రతిసారీ కథ మార్చు. ఒకసారి బెల్టు మంట, ఒకసారి పేలుడు, ఒకసారి నీళ్లు. ఒకసారి మొదటి దారి మధ్యలో మనిషిని నిలబెట్టి "ఇక్కడ రూఫ్ కూలింది" అనిపించు. ఒకసారి ఫోను తీసెయ్యి. ఒకసారి ఆ బాధ్యుడినే పక్కకి కూర్చోబెట్టు, అతని తర్వాతివాడు ఏం చేస్తాడో చూడు. క్వీన్స్‌లాండ్‌లో 1998 నుంచి ఏటా ఒక గనిలో ఇలాంటి పెద్ద డ్రిల్లు పెట్టి, ఏవి చెడ్డాయో రాసి అందరికీ ఇస్తున్నారు. దొరికితే చదువు, నీకు బాగా పనికొస్తాయి. రాత్రి షిఫ్టుని వదలకు, కాంట్రాక్టు పనివాళ్లని అసలే వదలకు. దారి తెలియనివాళ్లు ఎక్కువగా వాళ్లే.

ముందు ఈ వారంలో ఆ తాడు పని చూడు. కోన్లు ఎన్ని తిరగబడి ఉన్నాయో, ఏ ఎత్తులో కట్టారో రాసి పంపు. దాంతోపాటు దారుల మ్యాపు కూడా పంపితే డబ్బాలు ఎక్కడెక్కడ పెట్టాలో ఇద్దరం కలిసి లెక్క కడదాం.

నీ
రవి