పాత జీపు స్టీరింగ్ బాక్సులు: సీల్ ఒక్కటే మార్చే పని ఆపేస్తున్నాం

స్టీరింగ్ బాక్స్ మాకు అప్పగించిన, అప్పగించబోతున్న విల్లీస్ జీపు యజమానులందరికీ నమస్కారం.

ఇకమీదట సీల్ (షాఫ్ట్ చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రింగు) ఒక్కటే మార్చి బాక్సు తిరిగివ్వం. "ఆయిల్ కారుతోంది, సీల్ వేస్తే చాలు" అన్నవారికి ఇన్నాళ్లూ అలాగే చేసి ఇచ్చాం. వాటిలో కొన్ని మళ్లీ కారుతూ తిరిగొచ్చాయి. తప్పు సీల్‌ది కాదు, బాక్సు విప్పి కూడా లోపల చూడాల్సింది చూడకుండా మూసేసిన మా పద్ధతిది. అలా తిరిగొచ్చిన వాటికి కూలీ తీసుకోకుండా పూర్తి పని చేసిస్తాం. విడిభాగాల ఖర్చు మాత్రం మీరు పెట్టుకోవాలి. దీనివల్ల వరుసలో ఉన్న మిగతావారికి ఆలస్యమవుతోంది, క్షమించండి. అంత సమయం ఎందుకు పడుతోందో తెలిస్తే మీకే సమంజసం అనిపిస్తుందని వివరంగా రాస్తున్నాం.

విల్లీస్ మోడళ్లు ఎంబీ, సీజే-2ఏ, సీజే-3బీల్లో ఉండేది రాస్ రకం కామ్ అండ్ లీవర్ బాక్స్. స్టీరింగ్ షాఫ్ట్ అడుగున మెలిక తిరిగిన గాడితో కామ్ ఉంటుంది. ఆ గాడిలో రెండు కోసు (చివరికి సన్నబడే) పిన్నులు నడుస్తాయి. పిన్నులున్న లీవరూ సెక్టార్ షాఫ్టూ ఒకే ముక్క. ఆ షాఫ్ట్ రెండు బుష్‌ల (షాఫ్ట్‌ను పట్టి ఉంచే లోహపు గొట్టాల) మీద తిరుగుతూ బయటికొచ్చి, చక్రాల వైపు రాడ్లను కదిపే డ్రాప్ ఆర్మ్‌ను మోస్తుంది. చక్రానికి తగిలే ప్రతి దెబ్బా డ్రాప్ ఆర్మ్ మీదుగా ముందు బయటి బుష్‌కే చేరుతుంది. అందుకే అదే ముందు అరిగి కోలగా అవుతుంది. షాఫ్ట్ అటూ ఇటూ ఊగుతుంటే ఎంత మంచి సీల్ పెదవైనా ఒక పక్క నలిగి, రెండో పక్క సందు వదులుతుంది. ఆయిల్ పోతుంది. కారకుండా ఉండాలని చాలామంది బాక్సు నిండా ఛాసిస్ గ్రీజు కూరుతారు. పిన్నులు ఆ గ్రీజులో ఒకసారి దారి చేసుకున్నాక అది మళ్లీ గాడిలోకి జారి రాదు. పిన్నూ కామూ పొడిగా రాసుకుంటాయి, పై బేరింగ్‌కు తడి అందదు. ఆయిల్ మరక కనబడకుండా పోతుంది కానీ బాక్సు లోపల చస్తుంది. దయచేసి ఈ పని చేయకండి. మరమ్మతు అయ్యేదాకా బండి నడపక తప్పకపోతే ఎన్‌ఎల్‌జీఐ 00 తరగతి (గ్రీజు చిక్కదనపు కొలత) పలుచటి గ్రీజు వేయండి, అది తిరిగి ప్రవహిస్తుంది. బాగున్న బాక్సుకు మాత్రం 80డబ్ల్యూ-90 గేర్ ఆయిలే, ఫిల్లర్ ప్లగ్ అంచు వరకు.

బాక్సు విప్పేముందు తప్పు నిజంగా బాక్సుదేనా అన్నది చూడాలి. ఒకరు స్టీరింగ్‌ను నెమ్మదిగా అటూ ఇటూ కదుపుతుంటే ఇంకొకరు డ్రాప్ ఆర్మ్ దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. స్టీరింగ్ కదిలి ఆర్మ్ కదలకపోతే తప్పు బాక్సుది. ఆర్మ్ కదిలి చక్రం కదలకపోతే డ్రాగ్ లింక్ బాల్ సీట్లు, బెల్ క్రాంక్, టై రాడ్ ఎండ్లు, కింగ్ పిన్ బేరింగ్‌లు వరుసగా చూడాలి. బెల్ క్రాంక్ వదులైన బండికి బాక్సు ఎంత బాగు చేసినా ప్లే (స్టీరింగ్ ఊరికే కదిలే వదులు) పోదు.

మీరే విప్పి పంపుతామంటే సంతోషం, కొన్ని జాగ్రత్తలు తీసుకోండి. ముందు బ్యాటరీ, హారన్ వైరు తీసేయండి. ఛాసిస్ బోల్టులకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పట్టించండి. స్టీరింగ్ వీల్ నట్టు వదులు చేసి, పూర్తిగా తీయకుండా, పుల్లర్ వేసి లాగండి. వీల్ అంచు పట్టుకుని గుంజితే పాత స్టీరింగ్ వీల్స్ పుల్లల దగ్గర పగులుతాయి. డ్రాప్ ఆర్మ్‌కీ షాఫ్ట్‌కీ కలిపి గుర్తు గీయండి, నట్టును నాలుగు చుట్లు వదిలేసి, పుల్లర్ బిగించి, ఆర్మ్ కంటికి (షాఫ్ట్ దూరే రంధ్రం ఉన్న చోటికి) పక్క నుంచి ఒక్క దెబ్బ వేయండి. షాఫ్ట్ చివర మీద మాత్రం సుత్తి వేయొద్దు, ఆ దెబ్బ పిన్నుల మీదుగా కామ్ గాడికి తగిలి గుంట పెడుతుంది. కామ్, షాఫ్ట్ ఒకటే కాబట్టి ట్యూబుతో సహా మొత్తం ఒకే కర్రలా బయటికి రావాలి. స్టీరింగ్ ఉన్న వైపు మడ్‌గార్డ్ ముందే తీసేస్తే పని సులువు. బాక్సు వచ్చాక ఛాసిస్ మీద ఆ చోటు తోమి చూడండి. బోల్టు రంధ్రాల చుట్టూ పగుళ్లు ఈ జీపుల్లో కొత్తేమీ కాదు. పగులు చివర 3 మి.మీ. రంధ్రం వేసి, వి గాడి తీసి, వెల్డ్ చేసి, లోపల ప్లేటు వేయించాకే బాక్సు బిగించాలి.

మా బల్ల మీద జరిగేది ఇదీ. ఆయిల్ వంపేసి, పక్క కవర్ తీసి, సెక్టార్ షాఫ్ట్ పళ్ల మీది గరుకు ఎమరీతో తీసేస్తాం. గరుకుతోనే లాగితే బుష్‌కు గీతలు పడతాయి. పై కవర్ తీసేటప్పుడు కింద ట్రే పెట్టి, బేరింగ్ బాల్స్ లెక్కపెట్టి, షిమ్‌లను (సందు సరిచేసే పలుచటి రేకులను) వచ్చిన వరుసలోనే దారం కట్టి ఉంచుతాం. రెండు బుష్‌లూ కొత్తవే వేస్తాం. ఒక్కోటీ విడిగా నొక్కితే రెండింటి రంధ్రాలూ ఒకే గీతలో కుదరవు, అందుకని ఒకే రీమర్‌ను (రంధ్రాన్ని సైజుకు చెక్కే పనిముట్టును) రెండింట్లోంచీ దూర్చి ఒకేసారి సైజు చేస్తాం. మేం వదిలే సందు 0.03 నుంచి 0.07 మి.మీ. సీల్ నడిచే చోట షాఫ్ట్ మీద గోరు తగిలే గాడి ఉంటే స్లీవ్ వేస్తాం, లేదా షాఫ్టే మారుస్తాం.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు తినేది కామ్. బండి ఎక్కువగా తిన్నగానే నడుస్తుంది కాబట్టి గాడి మధ్యలోనే అరుగుతుంది. కొత్త కామ్‌లో ఆ మధ్య భాగాన్ని కావాలనే కాస్త బిగుతుగా చేసి ఉంటారు. ఆ బిగుతు పోయాక పక్క స్క్రూ (పక్క కవర్ మీది సర్దుబాటు స్క్రూ) బిగిస్తే మధ్యలో ప్లే పోతుంది కానీ పూర్తి మలుపులో పట్టేస్తుంది. మలుపులో పట్టేసిన స్టీరింగ్ ప్లే ఉన్న దానికన్నా ప్రమాదం. అలా తేలితే కామ్, సెక్టార్ షాఫ్ట్ రెండూ మార్చమనే చెబుతాం. గాడిని వెల్డ్‌తో నింపే పని మాత్రం చేయం. గట్టిపరిచిన ఉక్కు ఆ వేడికి ఆ గట్టితనం పోగొట్టుకుంటుంది. బయట దొరికే కొత్త షాఫ్ట్‌లలో కొన్నిటికి పిన్ను కోసు గాడికి సరిపోవడం లేదు. ప్రతిదానికీ బ్లూ రంగు పూసి, తిప్పి, ముద్ర చూసి, కుదరనివి వెనక్కి పంపుతున్నాం. ఆలస్యంలో పెద్ద భాగం ఇదే.

సర్దుబాటు వరుస మారకూడదు. పక్క స్క్రూ పూర్తిగా వదిలి, ముందు పై కవర్ కింది షిమ్‌లతో బేరింగ్ సరిచేయాలి. ఈ షిమ్‌లు 0.002, 0.003, 0.010 అంగుళాల మందంలో వస్తాయి. షాఫ్ట్ పైకీ కిందికీ కదలకుండా, వేలితో తిప్పితే పలుచగా బరువు తెలిసేలా కుదిరాకే స్క్రూ జోలికి వెళ్లాలి. ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి, చుట్లు లెక్కపెట్టి, సగానికి తెచ్చి, అక్కడ రవ్వంత పట్టు తగిలేదాకా బిగించి లాక్‌నట్టు వేయాలి. కొసల్లో గట్టిగా కొట్టకూడదు. తర్వాత ఆయిల్ పోసి, సీల్ కిందికి ఉండేలా ఒక రాత్రి ఉంచుతాం. తెల్లారి కింది కాగితం పొడిగా ఉంటేనే మీకు ఫోన్ చేస్తాం.

బండికి ఎక్కించేటప్పుడు ముందు ఛాసిస్ బోల్టులు వదులుగా, తర్వాత డ్యాష్ క్లాంప్ వదులుగా పెట్టండి. ట్యూబు తనంతట తాను కుదురుకున్నాక ఛాసిస్ వైపు బిగించి, చివర క్లాంప్ బిగించాలి. క్లాంప్‌తో ట్యూబును పక్కకు లాగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, కొత్త బేరింగ్ త్వరగా పోతుంది. చక్రాలు తిన్నగా, బాక్సు సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడే డ్రాప్ ఆర్మ్ ఎక్కించాలి. మధ్య తప్పితే స్టీరింగ్ వీల్‌ను తిప్పి పెట్టి సరిపెట్టొద్దు, అప్పుడు బండి తిన్నగా పోతున్నా పిన్నులు కామ్ పక్క భాగంలో నడుస్తుంటాయి.

పంపేవారు ట్యూబు, డ్రాప్ ఆర్మ్, పక్క కవర్, ఉన్న షిమ్‌లన్నీ కలిపి పంపండి. ఆయిల్ వంపేసి, పొడవైన షాఫ్ట్‌కు చెక్క దన్ను కట్టండి, వంగిన షాఫ్ట్‌ను తిన్నగా కొట్టి మేం తిరిగివ్వం. ఇప్పటికే మా దగ్గరున్న బాక్సుల్లో ఏవి కామ్ కోసం ఆగాయో, ఏవి రీమింగ్ దగ్గర ఉన్నాయో ఈ వారంలోనే ఒక్కొక్కరికీ విడిగా చెబుతాం. కామ్ మార్చాలన్న వారికి అరిగిన చోటు ఫోటో కూడా పంపుతాం. అది చూసి మీరు సరేనన్నాకే భాగం తెప్పిస్తాం.