వాసన పరీక్షకు బామ్ సీసా పనికిరాదు

సంపాదకులకు,

అయ్యా,

ప్రపంచ పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) దినం పేరుతో ఏప్రిల్ 11న మీ ఆరోగ్యం పేజీలో వేసిన వ్యాసం గురించి ఈ లేఖ. ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే, సవరణ మీరే వేస్తారేమోనని చూశాను. వేయలేదు. పైపెచ్చు ఆ వ్యాసంలో పెట్టె కట్టి వేసిన భాగాన్నే రంగు మార్చి ఆదివారం అనుబంధంలో మళ్లీ అచ్చేశారు.

"వాసన తెలియడం లేదా? వణుకుడు జబ్బు మొదలైనట్టే!" అని ఎర్రక్షరాల శీర్షిక. కింద ఇంట్లో చేసుకునే పరీక్ష: తలనొప్పి బామ్ ముక్కు దగ్గర పెట్టుకోండి, ఘాటు తెలిస్తే భయం లేదు అని. శీర్షికా తప్పే, పరీక్షా తప్పే. మొదటిది ఏ జబ్బూ లేనివాళ్లను హడలగొడుతుంది, రెండోది జబ్బు మొదలైనవాళ్లను నిశ్చింతగా పడుకోబెడుతుంది. ఇద్దరికీ చెడ్డ చేయడానికి ఒక్క పెట్టె సరిపోయింది.

బామ్‌లో ఉండేవి మెంథాల్, కర్పూరం. వాటి చురుకు మనకు తెలిసేది ఎక్కువగా ట్రైజెమినల్ నాడి వల్ల. ముఖానికి మంట, చలువ, నొప్పి తెలిపే నాడి అది. వాసన నాడి వేరు. వాసన పూర్తిగా పోయిన మనిషికి కూడా బామ్ పెడితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి, "ఎందుకు తెలియదూ, భేషుగ్గా తెలుస్తోంది" అంటాడు. అమ్మోనియా, నీలగిరి తైలం, కోసిన ఉల్లిపాయ కూడా ఇలాగే మోసం చేస్తాయి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో అమృతాంజనం పెట్టారు, 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. బామ్ పుణ్యాన పత్రిక బతికిన చరిత్ర మన తెలుగువాళ్లకు ఉంది. పత్రిక పుణ్యాన బామ్ రోగనిర్ధారణ పరికరమైన ఘనత మాత్రం మీదే.

ఇంట్లో చూసుకోవాలంటే పద్ధతి ఉంది. కాఫీపొడి, ఇంగువ, యాలకులు, నిమ్మతొక్క, మల్లెపూలు, ఒంటిసబ్బు లాంటి, ముక్కును చురుక్కుమనిపించని వాసనలు ఓ ఎనిమిది పది తీసుకోవాలి. అన్నిటికీ ఒకే రకం చిన్న డబ్బాలు, లోపలిది కనిపించనివి కావాలి. యాలకులు డబ్బాలో గలగలలాడితే చెవే జవాబు చెప్పేస్తుంది కాబట్టి అడుగున దూది పెట్టాలి. కళ్లు మూసుకోమని, ఒక ముక్కు రంధ్రం మూసి, రెండో దాని కింద అంగుళం దూరంలో డబ్బా ఉంచి, రెండు మూడు సెకన్లు మామూలుగా పీల్చమనాలి. తర్వాత "కాఫీయా, సబ్బా, మల్లెలా, ఇంగువా?" అని నాలుగు పేర్లు చెప్పి ఒకటి ఎంచుకోమనాలి. పేరు అందించకపోతే ముక్కు బాగున్నవాళ్లు కూడా తడబడతారు. ఒక్కో దానికీ మధ్య అర నిమిషం ఆగాలి. జలుబు ఉన్న వారంలో ఈ పని పెట్టుకోకూడదు. కిళ్లీ, కాఫీ అయిన వెంటనే అసలే కూడదు. నాలుగింట్లో ఒకటి గుడ్డిగా చెప్పినా తగులుతుంది కనుక పదింటికి రెండో మూడో కలిశాయని సంబరపడక్కర్లేదు. సగం తప్పిపోతే ముందు చూపించుకోవాల్సింది ముక్కు డాక్టరుకు. దీంతో పార్కిన్సన్స్ ఉందనీ తేలదు, లేదనీ తేలదు.

ఇక ఆ శీర్షిక. 65 దాటినవాళ్లలో సగానికి పైగా మందికి వాసన ఎంతో కొంత తగ్గుతుంది. సైనస్, ముక్కులో పాలిప్స్, తలకు దెబ్బ, కోవిడ్, ఇలా కారణాలు బోలెడు. వీళ్లలో అత్యధికులకు పార్కిన్సన్స్ ఎప్పటికీ రాదు. తిరగేసి చెబితే మాత్రం నిజం: పార్కిన్సన్స్ ఉన్నవాళ్లను సరైన పద్ధతిలో పరీక్షిస్తే పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి వాసన లోపం కనిపిస్తుంది, అదీ చాలామందికి వణుకు మొదలవడానికి ఏళ్ల ముందునుంచీ. తమకు ఆ లోపం ఉందని వాళ్లలో చాలామందికి పరీక్ష చేసేదాకా తెలియదు. ఈ జబ్బులో ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ ముద్దలు మొట్టమొదట కనిపించే చోట్లలో ఆల్ఫాక్టరీ బల్బు ఒకటని, పేగుల దాకా వెళ్లే వేగస్ నాడి కేంద్రం మరొకటని జర్మనీలో హైకో బ్రాక్ బృందం 2003లో ప్రచురించింది. వాసన నాడులు మెదడులో చేరే మొదటి మజిలీ ఆ బల్బే. మలబద్ధకం కూడా చెయ్యి వణకడం కన్నా ముందే రావడం ఈ వరసకు సరిపోతుంది. వాసన తగ్గడం, మొండి మలబద్ధకం, నిద్రలో అరుస్తూ కాళ్లూ చేతులూ విసరడం, ఈ మూడూ ఒకే మనిషిలో ఉంటే అప్పుడు న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లమని రాయండి. ఎర్రక్షరాలు అక్కడ వాడుకోండి.

1817లో జేమ్స్ పార్కిన్సన్ రాసిన పుస్తకంలో వాసన ఊసు లేదు. పరిశోధకుల చూపు దానిమీద పడింది 1970లలో. 2015 నాటి అంతర్జాతీయ నిర్ధారణ ప్రమాణాల్లో వాసన లోపాన్ని సమర్థించే లక్షణాల్లో ఒకటిగా చేర్చారు. మన ఓపీల్లో మాత్రం ఇప్పటికీ "వాసన తెలుస్తోందా?" అని అడిగే నాథుడు అరుదు. అడగడానికి పది సెకన్లు చాలు, స్కానింగ్ రాయడానికి ఐదు. ఆ ప్రశ్నకు విలువ ఎక్కడంటే, కళ్లు తిరుగుతున్నాయని ఎవరో రాసిన సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ లాంటి మందులు పాత చీటీ మీదే నెలల తరబడి కొని వాడితే అచ్చం పార్కిన్సన్స్ లాగే బిగుసుకుపోయే పెద్దవాళ్లున్నారు. ఆ రకంలోనూ, వంశంలో వచ్చే మామూలు వణుకులోనూ వాసన సాధారణంగా బాగానే ఉంటుంది. అదొక్కటే రుజువు కాదు గానీ, మందుల సంచీ మొత్తం బల్ల మీద బోర్లించి చూడమని డాక్టరుకు గుర్తుచేసే ఆనవాలు. మందు సొంతంగా మానేయకూడదన్నది వేరే చెప్పాలా? మీ పేజీ చదివేవాళ్లకు చెప్పాలి.

పరీక్ష కిట్ల సంగతీ ఇంతే. అమెరికాలోని పెన్సిల్వేనియాలో తయారైన 40 వాసనల గీకి చూసే పుస్తకంలో రూట్ బీర్, డిల్ పికిల్, వింటర్‌గ్రీన్ ఉంటాయి. అమలాపురం మనిషి వాటిలో తప్పితే లోపం ముక్కుదా, ప్రశ్నపత్రానిదా? మన దేశంలో అందరికీ తెలిసిన వాసనలతో పరీక్ష తయారుచేసి మన వైద్యులే ప్రచురించారు కూడా. జిల్లా ఆసుపత్రికి అది ఎందుకు రాదో అడిగే తీరిక మీ విలేకరులకు ఉండదు, ఆసుపత్రి ప్రకటనలు వ్యాసాలుగా తిరగరాయడంతోనే సరిపోతోంది. ఆ రోజు పేజీలో మూడు కార్పొరేట్ ఆసుపత్రుల ఫోన్ నంబర్లు ఒక్క అంకె తప్పు లేకుండా వచ్చాయి మరి.

పార్కిన్సన్స్‌కు ఇచ్చే లెవోడోపా మందు బిగుతును, నెమ్మదిని తగ్గిస్తుంది, వాసనను తిరిగి తేదు. దూలగొండి గింజల పొడి కూడా తేదు, అందులో ఉన్నదీ లెవోడోపానే కనుక. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి వాసనలను రోజుకు రెండుసార్లు, ఒక్కోటి పది సెకన్లు, కనీసం 12 వారాలు పీల్చే సాధనతో కొందరికి కొంత మెరుగు కనిపించింది. ఖర్చు లేదు, హాని లేదు, అద్భుతాలూ లేవు.

"నోరు చప్పగా ఉంది" అంటారు గానీ వాసన పోయిందని ఎవరూ అనరు. నాలుకకు తెలిసేది తీపి, పులుపు, ఉప్పు, చేదు లాంటి కొద్ది రుచులే, పోపు వేగిన కమ్మదనమంతా ముక్కుది. చప్పదనం పోగొట్టుకోడానికి ఊరగాయ పెరుగుతుంది, ఉప్పు పెరుగుతుంది, దాంతో బీపీ. లేదంటే తిండి తగ్గి బరువు పడిపోతుంది. మే నెలలో మధ్యాహ్నం పప్పు సాయంత్రానికి పాసిపోయిందని వాసన చెప్పదు, కాబట్టి గిన్నెకు వండిన తేదీ, వేళ రాసిన చీటీ అంటించాల్సిందే.

వీటన్నిటికన్నా ప్రమాదం గ్యాస్. ఎల్‌పీజీకి సొంత వాసన దాదాపు ఉండదు, లీకు తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. వాసన పోయినవాళ్లకు ఆ ఏర్పాటు లేనట్టే. అలారం కొన్నవాళ్లు కూడా ఎలక్ట్రీషియన్ మాట విని సీలింగు దగ్గర బిగిస్తున్నారు. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, నేలమీద పాకుతుంది. అలారం నేలనుంచి అడుగు ఎత్తులో, సిలిండరుకు దగ్గర్లో ఉండాలి. పైపు గ్యాస్ వచ్చిన ఇళ్లలో దీనికి తలకిందులు, అది మీథేన్, తేలిక, కనుక సీలింగు దగ్గరే. పొయ్యి పక్కనే పెడితే పోపు పొగకు, అగరుబత్తికి ఊరికే మోగుతుంది. రెండుసార్లు మోగాక ఇంట్లోవాళ్లు ప్లగ్గు పీకి ఆ సాకెట్లో మిక్సీ పెడతారు. అలారానికి విడిగా సాకెట్ ఉండాలి. లోపలి సెన్సరుకూ ఆయువు ఉంటుంది, పెట్టె మీద గడువు చూసి మార్చాలి. మోగినప్పుడు ఏ స్విచ్చూ వేయకూడదు, వేసి ఉన్నది ఆపకూడదు. రెగ్యులేటర్ తిప్పి గ్యాస్ కట్టేసి, తలుపులు తీసి, బయటికొచ్చి 1906కు ఫోన్ చేయాలి. చేతులు బిగుసుకునే మనిషికి రెగ్యులేటర్ తిప్పడం తేలిక కాదు, మంట ఆరితే గ్యాస్ దానంతటదే ఆగే స్టవ్ కొనడం మేలు. ఇండక్షన్‌కు మారదామనుకునేవాళ్లలో డీబీఎస్ (మెదడులో కరెంటు తీగలు అమర్చే) ఆపరేషన్ అయినవాళ్లు ముందు తమ డాక్టరును అడగాలి.

ఇక అధికారుల సంగతి. 2016 వికలాంగుల చట్టంలోని 21 వైకల్యాల్లో పార్కిన్సన్స్ ఉంది. వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకు వచ్చేవాళ్లు దూరప్రయాణం కదా అని మాత్ర వేసుకుని వస్తారు, మాత్ర పనిచేస్తున్న ఆ గంటలో నడక చూసి "బాగానే ఉన్నారుగా" అని పంపేస్తారు. వాసన గురించి అక్కడ అడగాలనుకోవడం అత్యాశే. ఊరి డంపింగ్ యార్డు పక్కన కాపురముండేవాళ్లకు ముక్కు పనిచేయకపోవడం వరమని మున్సిపాలిటీ వాళ్లు అనుకుంటున్నారేమో కూడా.

గ్యాస్ ఏజెన్సీల తనిఖీ మరీ ఘోరం. గుమ్మంలోనే సంతకం తీసుకుంటారు, వంటగది గడప తొక్కరు. రబ్బరు ట్యూబు గడువు ట్యూబు మీదే అచ్చయి ఉంటుంది, వంగి చదవాలి, అంతే. సబ్బునీళ్లు రాసి బుడగలు చూడటానికి రెండు నిమిషాలు. ఇంట్లో వాసన తెలియని పెద్దవాళ్లున్నారా అని ఫారంలో ఒక్క గడి పెట్టించి, ఉన్న ఇళ్లకు మెకానిక్‌ను లోపలిదాకా పంపమని పౌరసరఫరాల అధికారులు డీలర్లకు చెప్పవచ్చు. దానికి జీవో అక్కర్లేదు, డీలర్ల సమావేశంలో ఒక మాట చాలు.

ఇట్లు,
ఒక పాత చందాదారు,
కాకినాడ