లైసెన్సు ఉన్న చేతికి సాధన కూడా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

మా మామిడితోటలోని ఇల్లు ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. నాన్నగారు పోయాక ఆయన పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకీకి వారసుడిగా నేను లైసెన్సు తీసుకున్నాను. దరఖాస్తుకు జతచేయవలసిన శిక్షణ ధ్రువపత్రం కోసం అప్పట్లో నాలుగు గుండ్లు కాల్చాను. ఆ తరువాత సాధన చేద్దామంటే మా దగ్గర చట్టబద్ధమైన చోటే దొరకలేదు. కిందటేడు రెన్యువల్‌కు వెళ్తే తుపాకీ నంబరు సరిచూశారు, రుసుము కట్టించుకున్నారు; ఆఖరిసారి ఎప్పుడు కాల్చారని మాత్రం ఎవరూ అడగలేదు.

అది అడిగి తీరవలసిన ప్రశ్న అని నాకు తెలిసివచ్చిన రాత్రి ఒకటుంది. రెండు గంటల వేళ వెనక వరండా గ్రిల్లు కదిలిన చప్పుడయింది. తుపాకీ బీరువాలో, తూటాలు వేరే పెట్టెలో తాళం వేసి ఉంచుతాను. చీకట్లో తాళాలు వెతికి, గొట్టాలు వంచి తూటాలు పెట్టబోతే చేతులు వణికి ఒకటి జారి మంచం కిందికి దొర్లిపోయింది. తుపాకీ పేలకుండా ఆపే సేఫ్టీ మీటను ముందుకు తోయాలో వెనక్కి లాగాలో ఆ క్షణాన గుర్తు రాలేదు. 112కు ఫోన్ చేయాలన్న ఆలోచన అసలే రాలేదు. ఎలాగో గొంతు పెగల్చుకుని "ఎవరది?" అని కేకేశాను. "నేనే చిన్నాన్నా, ఆఖరి బస్సు తప్పిపోయింది" అన్నాడు మా అన్నయ్య కొడుకు. మంచం కింద పడిన తూటాను తెల్లవారాక గానీ తీయలేకపోయాను.

ఆత్మరక్షణ హక్కును భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు గల సెక్షన్లలో వివరించింది. పోలీసుల సాయం పొందే వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు వర్తించదని, రక్షణకు అవసరమైనంత కంటే ఎక్కువ హాని చేయరాదని 37వ సెక్షన్ చెబుతోంది. ఆస్తి కోసం ప్రాణం తీసేదాకా వెళ్లగలిగేది దోపిడీ, రాత్రిపూట ఇల్లు పగలగొట్టి చొరబడటం, ఇంటికి నిప్పు పెట్టడం వంటి కొన్ని సందర్భాలలోనే. కాయలు కోసుకుపోతున్నవాడి మీద పేల్చడానికి చట్టం ఒప్పదు. "నా తోట, నా తుపాకీ" అనే లైసెన్సుదారులను నేను ఎరుగుదును. వారికి ఈ సంగతి చెప్పినవారే లేరు. ఇంత విచక్షణ రెండు మూడు క్షణాల్లో చూపాలంటే తుపాకీ పట్టడం చేతికి అలవాటైన పని అయి ఉండాలి, అప్పుడే బుర్ర ఎదుటి మనిషి గురించి ఆలోచించగలుగుతుంది.

షూటర్లు గగన్ నారంగ్, ఈషా సింగ్ ఎదిగిన హైదరాబాద్‌లో క్రీడాకారులకు కాల్పులు సాధన చేసే రేంజిలు ఉన్నాయి. తుపాకీ మొన లక్ష్యం వైపే ఉండాలని, కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోరాదని ఎయిర్ రైఫిల్ పట్టే పిల్లలకు కూడా ముందుగా నేర్పుతారు. నిజమైన తూటాలు ఇంట్లో పెట్టుకున్న మాలాంటివారికి జిల్లాల్లో ఆ వసతి కావాలి. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణతో లైసెన్సు గడువు 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెరిగింది కనుక ఈ అవసరం మరీ పెరిగింది.

జిల్లా కేంద్రాల్లో సాయుధ రిజర్వు పోలీసుల ఫైరింగ్ రేంజిని నెలకొక ఆదివారమైనా, శిక్షకుల సమక్షంలో, రుసుము తీసుకుని లైసెన్సుదారులకు తెరవాలని, అక్కడ సాధన చేసినట్టు ధ్రువపత్రం చూపితేనే రెన్యువల్ చేయాలని రెండు రాష్ట్రాల హోం శాఖలను కోరుతున్నాను. తూటాల ఖర్చు మేమే పెట్టుకుంటాం. శిక్షకులు చాలరంటే, సైన్యంలో పనిచేసి వచ్చిన విశ్రాంత హవల్దారు ఒకరు మా ఊళ్లోనే ఉన్నారు. పిలిస్తే పైసా తీసుకోకుండా వచ్చి నేర్పుతానని ఆయన నాతో అన్నారు.

– ఒక మామిడి రైతు, చిత్తూరు జిల్లా