ఆయుష్షు అడిగింది, వయసు అడగడం మర్చిపోయింది

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ పేపర్లో ఎక్కువకాలం బతకడం గురించి వేసిన ఆర్టికల్ చదివానండీ, మాత్రలు డైట్ టెస్టులు అన్నీ బానే రాశారు గానీ ఆ మిగిలిన ఏళ్ళు మంచంలోనా నడుస్తూనా అన్న ముక్క మాత్రం ఎక్కడా కనపళ్ళేదు.

గ్రీకు వాళ్ళ కథ ఒకటుంది. ఈయోస్ అని తెల్లవారుజాము దేవత, మన వేదంలో ఉషస్సు లాంటిదే, పేర్లకి కూడా మూలం ఒకటేనంటారు. ఆవిడ టిథోనస్ అనే ట్రాయ్ రాకుమారుణ్ణి ఇష్టపడి ఇతనికి చావు లేకుండా చెయ్యమని వాళ్ళ దేవతల రాజు జ్యూస్‌ని అడిగింది, ఆయన సరేనన్నాడు. వయసు కూడా నిలబెట్టమని అడగడం మాత్రం మర్చిపోయింది! జుట్టు నెరిసేసరికి పక్క వేరు చేసింది, తిండికి మాత్రం లోటు చెయ్యలేదు పాపం, చివరికి కాలూ చెయ్యీ కదలకపోతే గదిలో పెట్టి తలుపులేసేసింది. లోపల్నించి మాట మాత్రం ఆగకుండా వస్తూనే ఉందిట. తర్వాత చెప్పినవాళ్ళు కీచురాయి అయిపోయాడన్నారు.

మన యయాతి ఈ విషయంలో తెలివైనవాడే, ముసలితనం శాపం రాగానే ఆయుష్షు జోలికి పోకుండా కొడుకు పూరుడి వయసే అడిగి పుచ్చుకున్నాడు. (2023లో అమెరికాలో బ్రయాన్ జాన్సన్ అనే డబ్బున్నాయన 17 ఏళ్ళ కొడుకు రక్తంలోంచి తీసిన ప్లాస్మా ఎక్కించుకున్నాడు, ఉపయోగం కనపళ్ళేదని తర్వాత ఆపేశాడు. యయాతి వెయ్యేళ్ళు అనుభవించాక గానీ తిరిగివ్వలేదు, ఈయన నయం.)

ఇదంతా ఎందుకంటే మా అమ్మకి 91. మా ఇంట్లో వెనక గదిలో ఉంటుంది, తలుపు మేమెప్పుడూ వెయ్యం లెండి, కానీ రాత్రి రెండింటికి మొదలుపెడితే తెల్లారేదాకా మాట్లాడుతూనే ఉంటుంది, ఎప్పుడో పోయిన చెల్లెల్ని పిలుస్తుంది, పాలవాడు వచ్చాడా అంటుంది, మా ఆవిడ లేచి మంచినీళ్ళిచ్చి కూచుంటుంది. సంక్రాంతికి మనవలు కాళ్ళకి దణ్ణం పెడితే అందర్నీ నూరేళ్ళు బతకమనే దీవించింది.

మొన్న మీ ఆర్టికల్ చదివి వినిపించి, నీకిప్పుడు దేవుడు వరం ఇస్తే ఏమడుగుతావే అన్నా. నూట ఇరవై ఏళ్ళంటుందేమో అనుకున్నా.

"మోకాళ్ళురా" అంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ