వేలు పెట్టేలోపు జరిగిపోని జాబితా

ఒరే రవీ,

కారు రేడియో స్క్రీన్ పని నీ చేతికొచ్చిందని తెలిసినప్పటి నుంచీ నీకు రాయాలని ఒకటే ఆత్రం. స్టేషన్ల జాబితా చూడ్డానికి చిన్న పనే గానీ, డ్రైవ్ చేసేవాడు రోజూ తడిమేది దాన్నే కదా.

చాలా రేడియోలు స్టేషన్లను ఫ్రీక్వెన్సీ వరుసలో పేరుస్తాయి, ఎఫ్‌ఎంలో 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా. ట్యూనర్ వెతికే తీరు అదే కాబట్టి జాబితా కూడా అలాగే తయారవుతుంది. వినేవాళ్ళకి గుర్తుండేది పేరు రా! పైగా ఒకే స్టేషన్ రెండు మూడు ట్రాన్స్‌మిటర్ల నుంచి అందే చోట అదే పేరు రెండు మూడుసార్లు కనిపిస్తుంది. అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే దానికి మందు ఎప్పుడో ఉంది. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ 1984లోనే ఆర్‌డీఎస్ నిర్దేశాలు తెచ్చింది, అంటే ఎఫ్‌ఎం ప్రసారంతో పాటే స్టేషన్ వివరాలు పంపే పద్ధతి. అందులో ప్రతి స్టేషనూ తనని గుర్తుపట్టడానికి 16 బిట్ల పీఐ కోడ్ అనే సంఖ్యను పంపుతుంది. ఒకే కోడ్‌తో వచ్చే ఫ్రీక్వెన్సీలన్నిటినీ ఒక్క వరుసలో కలిపెయ్యి. వాటిలో ఏది బాగా అందుతుందో చూసుకోవడం రేడియో పని. అదే స్టేషన్ డీఏబీలో, అంటే డిజిటల్ రేడియోలో కూడా వస్తుంటే అదీ ఆ వరుసలోకే రావాలి. ఇష్టమైన స్టేషన్లను దాచేటప్పుడూ ఫ్రీక్వెన్సీని కాక ఈ గుర్తింపునే దాచు.

పేరుతో ఒక చిక్కుంది. ఆర్‌డీఎస్‌లో స్టేషన్ పేరుకి 8 అక్షరాలే. అది మారకుండా ఉండాలని ప్రమాణం చెబుతున్నా, కొన్ని స్టేషన్లు అందులోనే పాటల పేర్లు, ప్రకటనలు తిప్పుతుంటాయి. పాటల వివరాల కోసం 64 అక్షరాల రేడియో టెక్స్ట్ విడిగా ఉంది మరి! వచ్చిందల్లా పేరనుకుని నువ్వు అక్షరక్రమంలో పెడితే వరుసలు గంతులేస్తాయి. పేరు ఒకసారి స్థిరపడ్డాక దాన్నే దాచుకుని వాడు. డీఏబీలో ఈ ఇబ్బంది తక్కువ, పేరుకి 16 అక్షరాలు దొరుకుతాయి. లోగోలు పెడితే అందమే, కానీ లోగో రాకపోతే వరుస ఖాళీగా మిగలకూడదు.

ఇక నేను అస్సలు రాజీపడని విషయం. జాబితా తెరిచి ఉన్నంతసేపూ ఏ వరుసా కదలకూడదు. వంతెన కింద సిగ్నల్ పోగానే ఒక పేరు మాయమై, కిందివన్నీ పైకి జరిగి, వేలు పడేసరికి అక్కడ వేరే స్టేషన్ ఉంటుంది. మళ్ళీ వెతకాలి, అంటే కళ్ళు మళ్ళీ రోడ్డు మీద నుంచి తప్పుకుంటాయి. అమెరికా రహదారి ట్రాఫిక్ భద్రతా సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక్కో చూపు 2 సెకన్లు, పని మొత్తానికి 12 సెకన్లు మించకూడదని ఉంది. ఆ 2 సెకన్లలో ఏం చదవగలమో నువ్వే ఆలోచించు. అందని స్టేషన్‌ని అక్కడే మసకగా ఉంచు. తీసెయ్యాలన్నా, కొత్తవి చేర్చాలన్నా జాబితా మూశాక చెయ్యి.

అందుకే అక్షరాలు పెద్దవిగా, వరుసలు కొద్దిగా ఉంటే మేలు. తెరవగానే ఇప్పుడు మోగుతున్న స్టేషన్ కళ్ళముందు ఉండాలి, పైనుంచి జరుపుకుంటూ రానక్కర్లేకుండా. స్టీరింగ్ మీది ముందు, వెనక బటన్లు కూడా జాబితాలోని ఈ క్రమాన్నే అనుసరించాలి. వార్తలు, సంగీతం అంటూ వర్గాలు పెట్టడం నాకు ఇష్టం లేదు, ఇంకో మెట్టు ఎక్కించినట్టే.

గీసిన స్క్రీన్లుంటే పంపరా. ముఖ్యంగా సిగ్నల్ పోయినప్పుడు ఎలా కనిపిస్తుందో అది చూడాలి.

నీ
శేఖర్