చిన్నోణ్ణి అప్పుడే ఎక్కడా చేర్చకు

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

ఒరే బావా,

నిన్న ఫోన్లో నీతో సరిగ్గా మాట్లాడలేకపోయాను, ఏమనుకోకు. షాపులో ఇద్దరు రైతులు మోటార్ల కోసం కూర్చునున్నారు, పక్కనే మా పనికుర్రాడు. వాళ్ళు వింటుండగా ఈ విషయం ఎలా మాట్లాడను? ఇప్పుడు పిల్లలు పడుకున్నారు, తీరిగ్గా రాస్తున్నాను. పొడుగవుతుంది. ఓపిక పట్టి చదివి, అత్తకి కూడా వినిపించు.

ముందు అసలు సంగతి. చిన్నోడి చేత గంజాయి మాన్పించడానికని వచ్చే వారం ఆ సెంటర్లో చేర్చేస్తామన్నావు. రాత్రిపూట జీపులో మనుషులొచ్చి తీసుకుపోతారని, మూడు నెలలు ఫోన్ ఉండదని, తర్వాత మనిషి మారిపోయి వస్తాడని వాళ్ళు చెప్పారన్నావు. ఆ పని చెయ్యకు బావా. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఈ ఉత్తరం చదివేదాకా అయినా ఆగు.

నీకు ఇన్నాళ్ళూ చెప్పనిది ఒకటి చెప్పాలి. నాలుగేళ్ళ కిందట నేను సూరత్ పనికెళ్ళానని చెప్పాను కదా, వెళ్ళలేదు. అలాంటి సెంటర్లోనే నలభై రోజులున్నాను. దాని పేరు రాయను. ఒకటే హాలు, బయట తాళం, పొద్దున్న ప్రార్థన, మధ్యాహ్నం పప్పునీళ్ళు, ఎదురు మాట్లాడితే మోకాళ్ళ మీద నిలబెట్టడం. నలభై రోజులూ గంజాయి ముట్టలేదు. అక్కడ దొరకదు, అంతే. ఇంటికొచ్చిన మూడో రోజు సాయంత్రం ఆరున్నరకి షట్టర్ దించాను. తాళం వేస్తుంటేనే రెండో చెయ్యి జేబులో అగ్గిపెట్టె కోసం వెతుకుతోంది. నేను చెప్పకుండానే వెతుకుతోంది. ఆ నలభై రోజుల్లో ఒక్కరంటే ఒక్కరు నన్ను ఆ ఆరున్నర గురించి అడగలేదు.

నువ్వు మా ఇంటికి ఎన్నోసార్లు వచ్చావు, ఎప్పుడైనా కనిపెట్టావా? పంతొమ్మిదో ఏట మొదలైంది, త్రినాథ మేళాలో. మన వైపు అందరికీ తెలిసిందే, ఆ పూజలో త్రినాథ స్వామికి పెట్టేవి పైసా నూనె, పైసా ఆకువక్క, పైసా గంజాయి. స్వామికి పెట్టిన చిలుం పెద్దవాళ్ళు దాటించారు, ప్రసాదమని నేనూ ఒక దమ్ము లాగాను. స్వామినీ మేళానీ నేనేమీ అనను. సంవత్సరానికి ఒకసారి లాగి ఊరుకున్నవాళ్ళు ఆ వరసలోనే ఎంతమందో ఉన్నారు. తాగినవాళ్ళలో పదిమందికి ఒకరు అలవాటుకి లోబడిపోతారట. నేను ఆ ఒకణ్ణి అయ్యాను. మోహన వైపు కొండల నుంచి దిగే సరుకు మన ఊళ్ళో దొరకడం కష్టమా ఏటి? బీడీ ఖాళీ చేసి నింపుకోవడం, షాపు మూశాక మహేంద్రతనయ ఏటి గట్టు మీద కూర్చోవడం. పన్నెండేళ్ళు.

మోటారు వైండింగ్ పని నీకు తెలుసు కదా. చుట్టు లెక్క తప్పకూడదు. స్లాటుకి నలభై రెండు చుట్లంటే నలభై రెండే. మొదట్లో సాయంత్రమే తాగేవాణ్ణి, తర్వాత మధ్యాహ్నం అన్నం తిన్నాక కూడా మొదలుపెట్టాను. ఒకరోజు లెక్క ఎక్కడున్నానో మర్చిపోయాను. మళ్ళీ విప్పి చుట్టాల్సింది, అందాజుగా చుట్టేసి వార్నిష్ కొట్టి ఇచ్చేశాను. నాలుగో రోజు ఆ రైతు కాలిపోయిన మోటారుని సైకిల్ వెనక కట్టుకుని తెచ్చాడు. వరి పొట్ట మీదుంది, నీళ్ళు లేవు. నన్ను ఒక్క మాట అనలేదు. కాలిన ఎనామిల్ వాసన షాపంతా నిండిపోయింది. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది బావా.

అప్పుడు విశాఖ వెళ్ళాను, మా ఆవిడ తోడొచ్చింది. బలవంతమేమీ లేదు. డాక్టరు గారు చూసి, గొంతులు వినిపించడం, అందరూ నన్నే చూస్తున్నారనే అనుమానం లాంటివి ఉన్నాయా అని అడిగి, లేవని తేల్చుకుని, కౌన్సెలింగ్ మేడం దగ్గరికి పంపారు. ఇది గుర్తుపెట్టుకో. చిన్నోడికి అలాంటివి ఏమైనా ఉంటే ఇక ఆలోచించకుండా ముందు మానసిక డాక్టరుకి చూపించాలి. లేకపోతే కంగారు పడక్కర్లేదు. నేను మాత్ర రాయండి అని అడిగాను. సారాకీ నల్లమందుకీ ఉన్నట్టు గంజాయి మాన్పించడానికని ఒప్పుకున్న మందంటూ ఇంతవరకూ ఏదీ లేదని చెప్పారు. నిద్రకో ఆందోళనకో అవసరమైతే ఏదో ఇస్తారు గానీ, అసలు వైద్యం మాటలతోనే.

మాటలతో వైద్యమంటే నువ్వు నవ్వుతావని తెలుసు. నేనూ తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్ళాను. మేడం మొదట అడిగింది ఇది: "గంజాయిలో నీకు నచ్చేదేంటి?" పన్నెండేళ్ళలో ఎవరూ అడగని మాట. చెప్పుకుంటూ పోయాను. రోజంతా వంగి చుట్టిన నడుము నొప్పి తెలీదు, అప్పులవాళ్ళ మొహాలు గుర్తురావు, రాత్రి పడుకోగానే నిద్రపడుతుంది. అన్నీ విని, "మరి నచ్చనిదేంటి?" అంది. అప్పుడు మోటారు సంగతి చెప్పాను. చెబుతూ ఏడ్చాను.

తర్వాత సున్నా నుంచి పది దాకా ఒక గీత గీసింది. మానడం నీకు ఎంత ముఖ్యమో వేలు పెట్టి చూపించమంది. ఐదు మీద పెట్టాను. పది ఎందుకు కాదని అడుగుతుందనుకున్నాను. "రెండు ఎందుకు కాదు?" అంది. ఇక నేనే మొదలుపెట్టాను, పిల్లలు, షాపు పేరు, మా ఆవిడ గాజులు తాకట్టులో ఉండడం. మానాలని నాకు ఆవిడ చెప్పలేదు, ఆవిడకి నేను చెప్పాను. విలియం మిల్లర్ అనే అమెరికా సైకాలజిస్టు 1983లో ఈ పద్ధతి గురించి మొదట రాశారట, తర్వాత స్టీఫెన్ రోల్నిక్ అనే ఆయనతో కలిసి పెంచారట. మనిషిని గదమాయిస్తే వాడు తాగడాన్నే సమర్థించుకుంటాడు. చిన్నోడు అత్తతో ఎప్పుడూ చేసేది అదే కదా, చూడు.

రెండో సిట్టింగ్ నుంచి లెక్కల పుస్తకం. ఎప్పుడు తాగాలనిపించింది, ఎక్కడున్నాను, పక్కన ఎవరు, అప్పుడు మనసులో ఏముంది, తాగితే తర్వాత ఏమైంది. వారం రాశాక చూస్తే నాకే తెలిసిపోయింది. ఆరున్నర, షట్టర్, గట్టు, ఇద్దరు మనుషులు. నా అలవాటంతా ఆ నాలుగింటిలోనే ఉంది. అప్పుడు ఒక్కొక్కటీ మార్చాం. షాపు ఆరుకే మూసేసి, తాళం మా ఆవిడ చేత వేయించి, గట్టు దారి వదిలేసి కోట పక్క నుంచి ఇంటికెళ్ళడం. అగ్గిపెట్టె జేబులో ఉండకూడదు. కోరిక పుడితే దానితో కుస్తీ పట్టకుండా గడియారం చూసి కూర్చోమంది. పెరుగుతుంది, పావుగంటకో ఇరవై నిమిషాలకో దానంతటదే దిగుతుంది. మొదటిసారి కూర్చున్నప్పుడు పద్దెనిమిది నిమిషాలు పట్టింది, పుస్తకంలో రాసి ఉంది. ఇస్తానన్నవాడికి వద్దని చెప్పడం కూడా ప్రాక్టీసు చేయించింది. ఆవిడ మా గట్టు స్నేహితుడిలా మాట్లాడుతుంది, నేను కళ్ళలోకి చూసి "వద్దురా, మానేశాను" అని చెప్పి మాట మార్చాలి. నాలుగుసార్లు చేస్తే గానీ నా గొంతు నిలబడలేదు.

మానేసిన తర్వాత రెండు వారాలు ఎలా ఉంటుందో ముందే చెప్పింది, అదే నన్ను కాపాడింది. మూడో రోజుకి చిరాకు మొదలైంది, ఊరికే కంచం విసిరేశాను. ఆకలి లేదు, ఒళ్ళంతా చెమటలు. నిద్రపడితే కలలు, పోయిన మా నాన్న పక్కన కూర్చుని కాయిల్ చుడుతున్నట్టు, అంత స్పష్టంగా. మొదటి వారం బాగా కష్టం, రెండో వారానికి తగ్గుతుంది, నిద్ర కుదురుకోవడానికి ఇంకొన్నాళ్ళు పడుతుంది. గంజాయి మానితే ఏమీ కాదు అనేవాళ్ళ మాట వినకు. చిన్నోడు ఆ రోజుల్లో అరిస్తే పట్టించుకోవద్దని అత్తకి చెప్పు, అది ఒంట్లోంచి దిగుతున్నదాని అరుపు. బీడీలో కలిపి తాగేవాడైతే పొగాకు పీకులాట కూడా తోడవుతుంది, ఆ రెండూ కలిపి చూడమని చెప్పాలి.

ఇది ఎంతమందికి పనిచేస్తుందని అడిగాను. దాచకుండా చెప్పింది. అమెరికాలో మూడు ఊళ్ళలో, ఇంచుమించు రోజూ తాగే 450 మంది పెద్దవాళ్ళని తీసుకున్నారట, ఫలితాలు 2004లో వచ్చాయి. కొందరికి రెండే సిట్టింగులు, కొందరికి తొమ్మిది, మిగతావాళ్ళని నాలుగు నెలలు ఆగమన్నారు. నాలుగు నెలలకి తాగకుండా ఉన్నవాళ్ళు తొమ్మిది సిట్టింగుల వాళ్ళలో నూటికి 23 మంది, రెండు సిట్టింగుల వాళ్ళలో 9 మంది, ఊరికే ఆగినవాళ్ళలో నలుగురు. ఇరవై మూడేనా అని నా గుండె జారిపోయింది. మిగతావాళ్ళు కూడా తాగే రోజులు బాగా తగ్గించుకున్నారని, ఒకసారి కుదరకపోతే మళ్ళీ రావచ్చని చెప్పింది. మూడు నెలల్లో గ్యారంటీగా మార్చేస్తామనే ఆ సెంటర్ వాళ్ళ మాట కంటే ఈ ఇరవై మూడునే నేను నమ్ముతాను.

నాకూ ఒకసారి తప్పింది. మూడో నెలలో పాతపట్నంలో పెళ్ళికెళ్ళినప్పుడు తాగాను. అయిపోయింది, ఇక అంతే అనుకుని ఫోన్ కూడా ఆపేసుకున్నాను. మా ఆవిడే మేడంకి ఫోన్ కలిపి నా చేతిలో పెట్టింది. "ఎక్కడ, ఎవరితో, ముందు ఏం జరిగింది?" అవే ప్రశ్నలు, తిట్టు లేదు. పుస్తకంలో ఐదో వరస చేరింది: పెళ్ళిళ్ళు. అప్పటి నుంచి పెళ్ళిలో భోజనం కాగానే బయల్దేరిపోతున్నాను.

ఇంకో పద్ధతి కూడా ఉందట. మూత్రం పరీక్షలో గంజాయి లేదని తేలిన ప్రతిసారీ ఒక కూపన్ ఇస్తారు, వరసగా తేలితే దాని విలువ పెరుగుతుంది. ఇస్తున్నన్నాళ్ళూ అది బాగా పనిచేస్తుంది, ఆగాక నిలబడాలంటే ఈ మాటల వైద్యం తోడుండాలి. మన దగ్గర కూపన్లు ఎవరిస్తారు? మా ఆవిడ పాత హార్లిక్స్ డబ్బా పెట్టింది. తాగని రోజు రాత్రి పొట్లం డబ్బులు 150 అందులో నా చేత్తోనే వేయించేది. ఆ డబ్బాతోనే చుట్లు లెక్కపెట్టే కౌంటర్ ఉన్న మిషన్ కొన్నాను, నువ్వొస్తే చూపిస్తాను. నువ్వు మాత్రం టెస్టు కిట్లు కొని చిన్నోణ్ణి పట్టుకోవాలని చూడకు. రోజూ తాగేవాడికి మానేశాక కూడా మూడు నాలుగు వారాల దాకా మూత్రంలో కనిపించవచ్చు. వాడు నిజం చెబుతున్నా మీరు నమ్మరు, ఉన్న కాస్త మాటా తెగిపోతుంది.

పోలీసుల భయం సంగతి. తాగడం నేరమే. కానీ 1985 ఎన్‌డీపీఎస్ చట్టంలోనే, అదే మత్తుమందుల చట్టంలో, 64ఏ అని ఒక సెక్షన్ ఉంది. తాగినందుకో కొద్ది మోతాదుకో కేసు పడ్డ అలవాటు మనిషి, తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో ప్రభుత్వం గుర్తించిన చోటో వైద్యం చేయించుకుంటే ఆ కేసు విచారణ నుంచి రక్షణ ఉంటుంది. తనంతట తాను అన్నమాట చూడు. ఇక సెంటరే కావాలంటే, 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద రిజిస్ట్రేషన్ కాగితం చూపించమని అడుగు. ఆ చట్టం ప్రకారం మనిషిని గొలుసులతో కట్టకూడదు. కాగితం చూపించలేని చోట గడప కూడా దాటొద్దు.

ఈలోగా 14446కి ఫోన్ చెయ్యి, మత్తు మానడానికి కేంద్రం పెట్టిన ఉచిత నంబరు. 14416 కూడా ఉంది, టెలి మానస్ అని, మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన నంబరు. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. అత్త పదే పదే మన ఇంటికే ఎందుకిలా అంటోందన్నావు. 2019లో వచ్చిన కేంద్రం సర్వేలో గంజాయి, చరస్, భాంగ్ వల్ల సాయం అవసరమైనవాళ్ళు దేశంలో 72 లక్షల మంది అని తేలింది. వాడి పెంపకంలో ఆవిడ తప్పేమీ లేదని నా మాటగా చెప్పు.

వచ్చే ఆదివారం గుణుపురం బండికి వస్తున్నాను. చిన్నోడికి నేనొస్తున్నట్టు చెప్పు, ఎందుకొస్తున్నానో కూడా దాచకుండా చెప్పు. వాడికి ఇష్టం లేకపోతే అన్నం తినేసి సాయంత్రం బండికి తిరిగొచ్చేస్తాను, పట్టుబట్టను. ఇష్టమైతే ఇద్దరం వంశధార వైపు నడుస్తాం, మీరెవరూ వెనక రావద్దు. నా లెక్కల పుస్తకం తెస్తాను. పెళ్ళి రోజు పేజీ కూడా ఉంది, చింపలేదు.

అత్తకి నమస్కారాలు. చెల్లికి, పిల్లలకి అడిగానని చెప్పు. జీపు వాళ్ళకి రావద్దని ఈ రాత్రే ఫోన్ చెయ్యి.

నీ
బావ