వాల్వు మార్చే ముందు

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన రికార్డింగును నిన్న రాత్రి కొట్టు మూశాక మూడుసార్లు విన్నాను. మొదటి పది నిమిషాలు గిటారు తీగ శుభ్రంగా పలికి, ఆ తరువాత వాల్యూమ్ తగ్గించినా ప్రతి స్వరం అంచుల్లో చిరిగి, అడుగున బర్రుమంటూ వస్తోంది. మీ పాటల్లో కావాలని తెచ్చుకునే బరకదనం గట్టిగా మీటితే వచ్చి, మెల్లగా మీటితే పోవాలి. ఇది పోవడం లేదు కాబట్టి లోపం నీ చేతిలోనూ గిటారులోనూ లేదు, యాంప్లిఫయరు లోపలే ఉంది.

స్పీకరును నడిపే గాజు గొట్టం, అదే ఔట్‌పుట్ వాల్వు 6వి6, కొత్తది కొంటానని రాశావు. ఇప్పుడే కొనకు తల్లీ. నువ్వు రాసిన కొలతల్లోనే సగం జవాబు ఉంది. వాల్వులో ఎలక్ట్రాన్లు బయలుదేరే కాథోడ్ దగ్గరి 470 ఓముల రెసిస్టరు మీద ఆన్ చేసిన కొత్తలో 19 వోల్టులు, పావుగంటకు 26 వోల్టులు అన్నావు. అంటే కరెంటు 40 మిల్లీఆంపియర్ల నుండి 55కు పెరిగింది. వాటిని అందుకునే ప్లేటుకూ కాథోడ్‌కూ మధ్య 290 వోల్టులున్నాయి కనుక, మధ్యలోని స్క్రీను జాలీకి పోయే కరెంటు వాటా తీసేసినా ప్లేటు దాదాపు 15 వాట్ల వేడిని మోస్తోంది. పాత పుస్తకాల ప్రకారం దాని హద్దు 12 వాట్లే. గదిలో దీపం ఆర్పి చూడు, ప్లేటు మీద ఎర్రని మచ్చ కనబడితే వెంటనే ఆపెయ్యి.

6వి6కు ముందున్న చిన్న వాల్వు 12ఏఎక్స్7 ప్లేటు మీది 170 వోల్టులను ఆపి, శబ్దాన్ని మాత్రమే దాటనివ్వవలసిన కండెన్సరు కారుతోందని నా అనుమానం. అది నువ్వు ముచ్చటపడి మన సొరుగులోంచి తీసుకెళ్ళిన మైనపు కాగితం కండెన్సరు. అడిగావని ఇచ్చాను, ఇవ్వకూడనిది. మైనం పగిలిన చోట తేమ చేరిన ఆ కాగితం చల్లగా ఉన్నప్పుడు నిలబడి, వేడెక్కేకొద్దీ వోల్టేజీని 6వి6లో కరెంటును అదుపు చేసే జాలీ, అదే గ్రిడ్, మీదకు వదులుతుంది; దాంతో కరెంటు పెరుగుతుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో చంద్రగిరి నుండి ఒక పెద్దాయన తెచ్చిన రేడియోకు ఇదే జబ్బు. తెలియక రెండు ఔట్‌పుట్ వాల్వులు మార్చాను, రెండూ ఎర్రబడి పాడయ్యాయి. మూడోది పెట్టబోతుంటే గురువుగారు నా చెయ్యి పట్టుకొని ఆపి, కండెన్సరు చివర విప్పించారు. ఆ రెండు వాల్వుల డబ్బు పెద్దాయన దగ్గర తీసుకోవడానికి నాకు మనసొప్పలేదు.

నువ్వూ అదే చెయ్యి. ముందు ప్లగ్గు పీకి, ఆపేశాక కూడా వోల్టేజీ నిలిచి ఉండే ఫిల్టరు కండెన్సర్లను 10 కిలో ఓములు, 5 వాట్ల రెసిస్టరుతో ఖాళీ చేసి, మీటరు సున్నాకు వచ్చిందని కళ్ళారా చూసుకున్నాకే లోపల చెయ్యి పెట్టు. ఆ మైనపు కండెన్సరుకు గ్రిడ్ వైపున్న కాలు ఒక్కటి విప్పు; గ్రిడ్ నుండి లోహపు చట్రానికి, అదే ఛాసిస్‌కు, పోయే 220 కిలో ఓముల రెసిస్టరును కదిలించవద్దు, స్పీకరు తీయవద్దు. విప్పిన కాలికీ ఛాసిస్‌కూ మీటరును క్లిప్పులతో బిగించి, ఆ తరువాతే ఆన్ చేసి, చేతులు దూరంగా పెట్టుకొని ఇరవై నిమిషాలు కూర్చో. మొదట ముల్లు ఎగిరి కిందికి వచ్చి అక్కడే ఉంటే కండెన్సరు మంచిది. వేడెక్కేకొద్దీ వోల్టులు మళ్ళీ పెరుగుతుంటే దొంగ దొరికినట్టే. అక్కడ సున్నా ఉండి, కాథోడ్ వోల్టేజీ మాత్రం ఎప్పటిలాగే పైకి పోతుంటే, అప్పుడు వాల్వునే అనుమానించాలి; లోపల గ్యాసు చేరిన వాల్వు కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది.

రెండూ బాగుంటే గ్రిడ్ తీగలను ఎండిన వెదురుపుల్లతో అటూ ఇటూ జరిపి, బరక మారుతుందేమో విను.

0.022 మైక్రోఫారడ్, 630 వోల్టుల ఫిల్ము కండెన్సర్లు రెండు ఈ ఉత్తరంతో పెడుతున్నాను. పాతదాన్ని పారేయకు. శనివారం చిత్తూరు నుండి వచ్చేటప్పుడు తీసుకురా, మన బల్ల మీద 200 వోల్టులు పెట్టి అది ఎంత కారుతోందో ఇద్దరం కలిసి కొలుద్దాం.

ఆశీస్సులతో,
నాన్న